ఖాళీ బల్ల

అరవైల్లో ఒక ఎండాకాలం మధ్యాహ్నం, చింతామణి బస్టాండులో ఫ్రాన్సు నుంచి వచ్చిన ఒక యువకుణ్ణి చూశాను. సినిమాలు తీస్తాడట. మా ఎదుటి బల్ల మీద ఒక ముసలామె కూర్చున్నంతసేపూ అతను కెమెరా ముట్టలేదు. బాగేపల్లి బస్సు రాగానే ఆమె లేచి వెళ్ళి ఎక్కింది. అప్పుడు ఆ ఖాళీ బల్లను తీయడం మొదలుపెట్టాడు.

ఆమె బస్సు కిటికీలోంచి నన్ను అడిగింది. "ఏమప్పా, నేను లేచినాక తీస్తాండాడు? కూచోనుంటే బాగుండ్లేదా?"

అతన్ని ఇంగ్లీషులో అడిగాను. కెమెరా మీంచి కన్ను తీయకుండా నెమ్మదిగా చెప్పాడు. "మా అమ్మ నవ్వుతుంటే, మాట్లాడుతుంటే ఎంతో తీశాను. ఆమె పోయాక చూస్తే వాటిలో అమ్మ కనిపించలేదు. ఆమె లేచి వెళ్ళిన కుర్చీ ఒక్కటి పొరపాటున ఫిల్ములో పడింది. అందులో మాత్రం అమ్మ ఉంది. అప్పటినుంచి నా సినిమాల్లో ఒక్కొక్కటే వదిలేస్తున్నాను. ముందు సంగీతం, తర్వాత కథ, ఇప్పుడు మనుషుల్ని."

ఆ మాటలు ఆమెకు తెలుగులో చెప్పాను. ఆమె కాసేపు ఆ బల్లవైపే చూసింది.

"మా ఇంట్లో గూడా ఒక మంచముండాదప్పా, నా కొడుకుది. వచ్చి తీయమని చెప్పు."

ఏ ఊరని అడిగేలోగా బస్సు కదిలింది. ఇప్పటికీ ఆ దారిన వెళ్తుంటే, తలుపు తెరిచున్న ప్రతి ఇంట్లోకీ నా చూపు పోతుంది.