తెక్లా కొడుకును కొట్టిన రోజు

లావ్రేన్ మా ఊళ్లో పీపాలు చేసేవాడు. యుద్ధం మొదలైన వేసవిలోనే జర్మన్లకు పట్టుబడ్డాడు. ఖైదీల శిబిరమంటే ముళ్లకంచె వేసిన బీడు, అంతే. లోపల గడ్డి అయిపోయాక చెట్ల బెరడు తిన్నారట. చలికాలం రాగానే శవాలను పాతడానికి బయటికి తీసుకెళ్లినప్పుడు, అతనూ సిమోన్ అనే ఇంకొకడూ గోతిలో శవాల మధ్య పడుకుండిపోయారు. కాపలావాళ్లు వెళ్లాక లేచి, చిత్తడి అడవుల్లో పడి నడిచారు. గడ్డివాముల్లో దూరి పడుకున్నారు. సిమోన్ ఒక వాములోనే చలికి బిగుసుకుపోయాడు. అతని బూట్లు తీసి తొడుక్కుని లావ్రేన్ ఇంటికొచ్చాడు.

ఇంట్లోకి మాత్రం వెళ్లలేదు. పెరట్లోని స్నానాల కొట్టంలో దాక్కున్నాడు. అక్కడే పోలీసులు పట్టుకున్నారు. వాళ్లు జర్మన్ల కింద పనిచేసే మనవాళ్లే, కానీ మా ఊరివాళ్లు కారు. పారిపోయిన ఖైదీని దాచినవాళ్లను ఇంట్లో పెట్టి తగలబెట్టేవారు. పక్క ఊరి పొగ అప్పటికే చూశాం. లావ్రేన్ తల్లి తెక్లా పిన్ని ఇంట్లో, ఆమె చనిపోయిన కూతురి పిల్లలు ముగ్గురున్నారు.

ఊరందరినీ పిలిచి నిలబెట్టారు. నేనూ ఉన్నాను.

"ఏయ్ ముసలీ, వీడు నీ కొడుకేనా?" అన్నాడు పోలీసు.

పిన్ని తేరిపార చూసింది. "నా కొడుకు ఎప్పుడో పోయాడయ్యా. వీడెవడో బిచ్చగాడు."

"అయితే కొట్టు. పరాయోణ్ణి కొట్టడానికి చెయ్యి వణకదుగా."

పిన్ని కొట్టింది. ఆ దెబ్బ చాలదన్నట్టు పోలీసు తల అడ్డంగా ఊపాడు. పొయ్యిలో పెట్టే కట్టె తెచ్చి ఆమె చేతికిచ్చాడు. దాంతో కొట్టింది. లావ్రేన్ పళ్లు మంచులో పడ్డాయి.

"ఇంకోటి వెయ్యి అవ్వా," అన్నాడు లావ్రేన్, పరాయివాడిలా. "చలికి మొహం మొద్దుబారిపోయింది, తెలీడమే లేదు."

పోలీసులు నవ్వారు. లావ్రేన్‌ను మంచు మీద జారే స్లెడ్జి బండికి కట్టి, మళ్లీ ఆ శిబిరానికే తీసుకుపోయారు.

యుద్ధం అయ్యాక తిరిగొచ్చాడు, ఎడమచేతికి వేళ్లు లేకుండా. శత్రువు చేతికి చిక్కి బతికాడని మన అధికారులు కూడా అతన్ని కొన్నాళ్లు జైల్లో ఉంచారు. వాళ్లు వదిలాక ఇంటికొచ్చిన రోజు పిన్ని ఉడికించిన బంగాళాదుంపలు మెత్తగా మెదిపి ముందు పెట్టింది, నమలలేడని.

"పిల్లలు బతికారు కదమ్మా," అన్నాడు.

"బతికారు. తిను."

ఆ తర్వాత ఆ సంగతి వాళ్లు మాట్లాడుకోలేదు. పిన్ని మాత్రం ఎవరింట్లోనూ పొయ్యిలో కట్టె పెట్టేది కాదు. మనవరాలు వెలిగించేదాకా చలిలోనే కూర్చునేది.

ఆమె పోయిన రోజు లావ్రేన్ పొరుగూళ్లో పనిలో ఉన్నాడు. కబురు నేనే పట్టుకెళ్లాను. ఒంటిచేత్తో పీపాకు ఇనుప కట్టు బిగిస్తున్నాడు. అది బిగించడం అయ్యేదాకా ఆగి, "ఎవరు చివరి స్నానం చేయించారు ఆమెకు? నీళ్లు కాచడానికి పొయ్యి ఎవరు వెలిగించారు?" అని అడిగాడు.