అన్న ముందు ఒక్కసారే

పోయిన వారం కర్నూలు ఆసుపత్రిలో మా అన్న మనవరాలికి కొడుకు పుట్టాడు. ఇంటికి పంపే ముందు నర్సు వచ్చి, నిద్రపోతున్న బిడ్డ చెవిలో చిన్న గొట్టంలాంటిది పెట్టింది. చేతిలోని యంత్రం వైపు చూసి, రెండు చెవులూ బాగున్నాయంది. నా గ్లాసులో టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. తల్లి నర్సు పెదవులనే చూస్తోంది. ఆ తల్లికి పుట్టినప్పటి నుంచీ వినపడదు. నాకు మాత్రం ఇప్పుడు లేని మా చెల్లెలు గుర్తొచ్చింది.

మా చెల్లెలు బెంగళూరులో మెదడు మీద పరిశోధన చేసేది. ఆదోని దగ్గర మా పల్లెలో ఆ సంగతి చెబితే, తలనొప్పికి మాత్రలేమైనా ఇస్తుందా అని అడిగేవారు. కోడిగుడ్లతో పని చేస్తుందని తెలిశాక గుడ్ల డాక్టరమ్మ అని పేరు పెట్టి నెమ్మదించారు. నిజానికి ఆమె చదువు మా ఇంటి కోళ్ళగంప దగ్గరే మొదలైంది. వేరుశనగ పొట్టు వేడిగా, రెట్ట వాసనతో ఉండే ఆ గంపలోంచి అమ్మ ఒక గుడ్డు తీసి చెల్లెలి చెవికి ఆనించేది. పెంకు పగలకముందే పిల్ల లోపల సన్నగా పలుకుతుంది. బయట తల్లికోడి పిలిస్తే ఆగి వింటుంది. దానికి వినడం ఎప్పుడు వచ్చిందని చెల్లెలు అడిగితే, అమ్మ నీళ్ళకు పొమ్మని తరిమింది. ఆ ప్రశ్నతోనే ఆమె జీవితమంతా గడిచింది. పుట్టిన కొత్తలో శబ్దం అందకపోతే, మెదడులో దానికోసం కాచుకున్న కణాలు కుంగిపోతాయట, కొన్ని చచ్చిపోతాయట. పెద్దకోడికి అదే జరిగితే అంత నష్టం ఉండదట. వ్యవసాయ శాఖలో పనిచేసిన నాకు అర్థమయ్యేటట్లు, విత్తేకి అదనున్నట్లే మెదడు ఎదిగేకీ అదనుంటుంది అని చెప్పింది. ఒకసారి వచ్చిన ఫలితాన్ని ఆమె నమ్మేది కాదు. విద్యార్థులు విసుక్కున్నా అదే పని మళ్ళీ మళ్ళీ చేయించేది.

అటువంటి మనిషి కూడా మా ఇంటి గడప దాటి లోపలికొస్తే మా పద్ధతికి వచ్చేది. నాయన పోయాక అన్నే ఇంటి పెద్ద. ఆయన ముందు ఏ మాటైనా ఒక్కసారే చెప్పాలి. రెండోసారి చెబితే ఎదురు చెప్పినట్టు. పొలం అమ్మకమైనా, కూరలో ఉప్పు తక్కువైనా అంతే.

ఇప్పుడు తల్లి అయిన ఆ మనవరాలు పాపగా తప్పటడుగులు వేసే రోజుల్లో చెల్లెలు సెలవుకొచ్చింది. పాప వెనక నిలబడి ఇత్తడి చెంబు కింద పడేసింది. మేమందరం ఉలిక్కిపడ్డాం. పాప తిరగలేదు. భోజనాల దగ్గర అన్నతో చెప్పింది. "అన్నా, పాపకు వినపడదేమో. బెంగుళూరుకు పిలుచుకపోతా, చూపిద్దాం. ఆలస్యం చేస్తే లాభంల్యా."

అన్న సంగటి ముద్దను నాటుకోడి పులుసులో అద్దుకుంటూ నవ్వాడు. "నేనూ నాలుగేండ్ల దాకా మాట్లాడలేదంటమ్మా. ఇప్పుడు నోరు మూయమని మీ వదిన మొత్తుకుంటాండాది. నీ కోడిపిల్లల లెక్క మా పిల్లకు కట్టొద్దు."

అందరం నవ్వాం. చెల్లెలు చేయి కడుక్కొని లేచిపోయింది. ఆనాటి నా డైరీలో వాన జాడ లేదనీ, పులుసులో కారం ఎక్కువైందనీ ఉంది.

పాపను బడిలో వేసే వయసొచ్చాక గానీ చూపించలేదు. చెవికి యంత్రం పెట్టారు. శబ్దం చేరింది, మాట మాత్రం కూడిరాలేదు. తెలివైన పిల్ల, చేతులతో, కళ్ళతో తన లోకాన్ని తనే కట్టుకుంది.

చెల్లెలి పదవీ విరమణ సభకు అన్నను నేనే బెంగళూరు తీసుకెళ్ళాను. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన ఆమె విద్యార్థులు ఇంగ్లీషులో మాట్లాడుతుంటే అన్న హాయిగా కునుకు తీశాడు. చివర్లో ఒక పిల్లల డాక్టరు కన్నడం అందుకున్నాడు. బళ్ళారి బేరాల వల్ల అన్నకు కన్నడం తెలుగంత బాగా వచ్చు. మాట రాని పిల్లలను తెస్తే, కొన్నాళ్ళు చూద్దామని పంపేసేవాళ్ళమనీ, ఆగకూడదని ఈ అమ్మ కోడిపిల్లలే తమకు నేర్పాయనీ ఆ డాక్టరు చెప్పాడు. సభంతా చప్పట్లు కొట్టింది. అన్న తువ్వాలు భుజాన వేసుకొని బయటికి నడిచాడు.

చెల్లెలు మెడలో దండతోనే వరండాలోకి వచ్చింది.

"ఇంగోసారి చెప్పింటే ఏమైతుండెమ్మా?" అన్నాడు అన్న. గొంతులో గద్దింపు లేదు.

"నీ ముందర రెండోసారి ఎప్పుడు మాట్లాడినా అన్నా?" అంది చెల్లెలు.

అన్న ఆమె మెడలో పక్కకు జరిగిన దండను సరిచేశాడు. ఆమె పోయేదాకా ఇద్దరూ మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు అన్నకూ చెవులు మందగించాయి. గది బయట బల్ల మీద కూర్చున్న ఆయన దగ్గరికి వెళ్ళి, బిడ్డకు బాగా వినపడుతుందని చెప్పాను. చెవి దగ్గర చేయి పెట్టుకొని, "ఇంగోసారి చెప్పప్పా" అన్నాడు. చెప్పాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. ఒకే మాటను అన్న ముందు రెండోసారి చెప్పగలిగే కాలం మా ఇంటికీ వచ్చింది. చెప్పవలసిన మనిషి వెళ్ళిపోయాక వచ్చింది.