గేర్లమ్మ అక్కకి కారు నేర్పింది

గేర్లమ్మ దగ్గర కారు నేర్చుకున్నవాళ్లు ఊళ్లో సందుకొకరు ఉంటారు. ఆమె అసలు పేరు డ్రైవింగ్ స్కూలు బోర్డు మీద తప్ప ఎవరి నోటా వినపడదు. మాట, నడక, ఆలోచన అన్నీ టాప్ గేరే. మొదట్లో ఎవరొచ్చినా ఒకటే పాఠం. తాళం చేతిలో పెట్టి పోనివ్వండి, చూసుకుందాం అనేది. తనలాంటివాళ్లు ఇట్టే నేర్చేసుకునేవాళ్లు. మధ్యలో మానేసినవాళ్లకి ధైర్యం లేదని తేల్చేసేది.

ఒక వేసవిలో సొంత అక్కే వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది. అక్క ఒక బట్టల కంపెనీలో గుడ్డ కత్తిరిస్తుంది. ఏదడిగినా కాసేపు ఆగి గానీ జవాబివ్వదు. ఇంట్లోవాళ్లు ఎదురుగా నిదానస్తురాలనీ, చాటున మొద్దనీ అనేవాళ్లు.

మొదటి రోజే నాలుగు రోడ్ల కూడలిలో బండి ఆగిపోయింది. వెనక హారన్లు. క్లచ్ వదులు, మెల్లగా వదులు, అంత కాదంటూ చెల్లెలు చెవిలో జోరీగలా మోగుతూనే ఉంది. అక్క తాళం తీసి చెల్లెలి ఒళ్లో పెట్టి, తలుపు తెరుచుకుని ఇంటికి నడిచిపోయింది.

సాయంత్రం గేర్లమ్మ బతిమాలడానికి వెళ్లింది. అక్క మొహంలో కోపం లేదు. "వదులు వదులు అంటావు. వదిలితే లోపల ఏమవుతుందో చెప్పవు. అది తెలీకుండా నా కాలు కదలదే" అంది.

గేర్లమ్మకి బుర్రలో దీపం వెలిగింది. ఇన్నాళ్లూ భయమనుకున్నది భయమే కాదు. మర్నాడు పొద్దున్నే అక్కని తన భర్త మెకానిక్ షెడ్డుకి లాక్కెళ్లింది. ఆయన విప్పి ఉన్న ఇంజన్ దగ్గర రెండు గుండ్రటి బిళ్లలు చూపించి, క్లచ్ వదిలినప్పుడు అవి అతుక్కుంటే చక్రం తిరుగుతుందనీ, తొక్కినప్పుడు విడిపోతే తిరగదనీ చెప్పాడు. అక్క వాటిని దగ్గరికి తెచ్చి, దూరం జరిపి, చాలాసేపు చూసింది. తర్వాత వెళ్లి స్టీరింగ్ పట్టుకుంది. కుదుపన్నది లేకుండా బండి కదిలింది. పక్క సీట్లో గేర్లమ్మ డాష్‌బోర్డు మీద దరువేసింది.

ఆ రోజు నుంచి కొత్త మనిషి వస్తే చాలు, ఆమెకి ఉత్సాహం ఆగేది కాదు. వీళ్లు ఏ రకమో కనిపెట్టాలి. ప్రతి మాటకీ ఎదురుచెప్పే హెడ్మాస్టరుగారిని, ఈ రోజు ఎటు వెళ్దామో మీరే చెప్పండి అని అడిగింది. ఆయన దారికొచ్చాడు. వాగుడుకాయ టైలర్ని మాట్లాడనిచ్చింది. నోరు కట్టేసుకుంటేనే అతనికి చేతులు వణికేవి. మందుల షాపాయన మాత్రం ఇప్పటికీ అంతుపట్టలేదు. పొగిడితే అలుగుతాడు, తప్పు పడితే నవ్వుతాడు.

అక్క లైసెన్సు పరీక్ష రానే వచ్చింది. ఎత్తెక్కే రోడ్డు మధ్యలో బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్లీ ఎక్కించాలి. అక్క ఆపింది. ఆపి అలాగే కూర్చుంది. పక్కనున్న అధికారి వాచీ చూసుకున్నాడు. రోడ్డు పక్కన నిలబడ్డ గేర్లమ్మకి అరుపు గొంతు దాకా వచ్చింది. చున్నీ నోట్లో కుక్కుకుంది. అక్క ఆలోచిస్తోంది, అంతే. ఆమెకి ఆ కాస్త సమయం ఇవ్వాలి.

ఇంజన్ గుర్రుమంది. అంగుళం కూడా జారకుండా బండి పైకెక్కేసింది. గేర్లమ్మ చెప్పులు అక్కడే వదిలేసి వెనకాల పరుగెత్తింది.

అక్క అద్దం దించి, "పాసయ్యానట" అంది. కాసేపాగి, "అవతలి వైపు దిగుడు కూడా ఎలా ఉంటుందో చూడాలి. ఎక్కు" అంది.

దిగబోతున్న అధికారి, ఏమనుకున్నాడో, బెల్టు మళ్లీ పెట్టుకున్నాడు.