ప్రార్థన మధ్యలో బోండా

ఈ రోజు పొద్దున మంచులోనే తలలకు మఫ్లర్లు చుట్టుకుని ముగ్గురం నడకకు బయల్దేరాం: నేను, మా చెల్లెలు సరోజ, పక్కింటి రత్నమ్మ. ఈ నడక సరోజ కోసమే. ఈసారి షుగర్ తగ్గకపోతే ఇన్సులిన్ తప్పదని డాక్టరమ్మ చెప్పారు. సూది అంటేనే సరోజకు వణుకు.

మదనపల్లె టమోటా మార్కెట్ దాకా నడిచి, బోండాల బండి పక్కనున్న అరుగు మీద కూర్చుని, నేను ప్రార్థన చేశాక వెనక్కి తిరుగుతాం. ఈ రోజూ కళ్లు మూసుకుని, "ప్రభువా, మా సరోజకు షుగర్ తగ్గించు" అని ముగించాను. రత్నమ్మ "ఆమెన్" అంది. సరోజ "ఊఁ" అంది.

కళ్లు తెరిచి చూస్తే దాని బుగ్గ ఉబ్బి ఉంది.

"ఏమే, నోట్లో ఏముండాది?"

సరోజ నిదానంగా మింగి, "నువ్వు అంతసేపు ప్రార్థన చేస్తే ఆకలి కాదాక్కా?" అంది.

బండాయన నవ్వాపుకోలేకపోయాడు. "ఈయమ్మ దినామూ ఒకటి తింటాదమ్మా. ఈపొద్దు ఈయమ్మ మింగకముందే మీరే బిరీన ముగించేసినారు."

రత్నమ్మకు కోపమొచ్చింది. "మీ దేవుడు ఏమనుకుంటాడోనని నేను కండ్లు గట్టిగా మూసుకుంటాండానే!"

సాయంత్రం ఇంట్లో పంచాయితీ జరిగింది. దారి మార్చమన్నారు మావారు. ప్రార్థన మానేయమంది సరోజ కూతురు. నేను ఒప్పుకోలేదు. చివరికి, రేపటి నుంచి సరోజే పైకి ప్రార్థన చేయాలని అందరం తీర్మానించాం. మాట్లాడే నోరు నమలలేదు కదా.

అప్పుడు నేనూ రత్నమ్మా కళ్లు మూసుకోవచ్చా, లేదా అన్నది మాత్రం తేలలేదు. మీరే చెప్పండి.