చివరి కుట్టు బండివాడిదే

నరోక్ ఊరి చివర, పెట్రోలు బంకు వెనక రేకుల పాకలో కూర్చుని అపొండి తాళ్లు బాగుచేస్తుంది. పలుపుతాళ్లో చేదతాళ్లో అనుకునేరు. బురదలో దిగబడ్డ జీపు తనను తాను లాక్కుని బయటపడడానికి ముందు బంపరులో వించి ఉంటుంది చూడండి, దానికి చుట్టే తాడు. వెనకటికి ఇనుపతాడు ఉండేది, ఇప్పుడు అందరూ సింథటిక్ తాడే వేస్తున్నారు. చూస్తే చిటికెనవేలంత లావు, ఎత్తితే దూదంత బరువు, లాగడంలో మాత్రం జోడెడ్లు కూడా దాని ముందు దిగదుడుపే. అంత మొనగాడికీ శత్రువులున్నారు. మట్టి, ఎండ, రాతి అంచు. అందరికంటే పెద్ద శత్రువు డ్రైవరు అని అపొండి అంటుంది, ఆ మాట కాదనే ధైర్యం ఆ బంకులో ఎవరికీ లేదు.

"నెలకోసారి తాడు ఉతకరా నాయనా అంటే చెవినెక్కించుకోవు. ఈ రేగడంతా పాయల మధ్య కూచుని లోపల్నించే కొరికేస్తది. పైకి నీ చొక్కాలాగే నున్నగా కనపడతది, లోపలంతా బొక్కలే" అంటుంది ఒకడితో. "ఎండలో ఆరేశావా? తాడనుకున్నావా, ఎండుచేపలనుకున్నావా?" అంటుంది ఇంకొకడితో.

చేపల మాట ఊరికే రాలేదు. ఆవిడది పెద్ద సరస్సు ఒడ్డున హోమా బే దగ్గర పల్లె. ఊహ తెలిసినప్పటినుంచీ వలలు బాగుచేసింది. సరస్సులో చేప తగ్గింది, భర్త పోయాడు, పడవ అమ్ముడైంది. అప్పుడు నరోక్‌లో వేయించిన చేపలు అమ్ముకునే చెల్లెలు ఆవూర్ పంచన చేరింది. వెంట తెచ్చుకున్నది ఒక చెక్క సూదీ, తల్లి దగ్గర నేర్చిన పద్ధతీ. వల ఎంత చిరిగినా బాగుచేసి, ఆఖరి ముడి మాత్రం వెయ్యకుండా వదిలేసేది ఆ తల్లి. అది పడవవాడు వేసుకోవాలి. చివరి ముడి వేసినవాడే వలకు జవాబుదారీ అనేది.

తాళ్ల పనిలోకి ఆవిడను దించినవాడు కొయినెట్. మసాయి కుర్రాడు, అప్పట్లో యాత్రికులను జీపులో తిప్పేవాడు. తెగిన తాడు తెచ్చి, "వలలు కుట్టే చెయ్యి కదమ్మా, ఇదీ కుట్టు" అన్నాడు. ఈ తాడు పన్నెండు పాయల అల్లిక, మధ్యలో డొల్ల. కొసను వెనక్కి తిప్పి ఆ డొల్లలోకి దూరిస్తే కొక్కెం తగిలించుకునే కన్ను తయారవుతుంది. లాగేకొద్దీ పై అల్లిక బిగిసి లోపలి కొసను పట్టుకుంటుంది. అపొండి సరస్సు లెక్కే వేసింది. పడవ తాడుకు జానెడు దూరిస్తే చచ్చినా ఊడదు, దీనికీ జానెడే దూర్చింది. ఇది జారుడు జాతి అని ఆవిడకేం తెలుసు! మూడో రోజున బురదలో లాగుతుంటే కొస సర్రున బయటికి వచ్చేసింది, కొక్కెం ఎగిరి వచ్చి జీపు లైటు పగలగొట్టింది. పక్కన నిలబడ్డ కొయినెట్‌కు వెంట్రుకవాసిలో తప్పింది.

బంకులో అందరూ నవ్వారు. "చేపలావిడకి తాడిచ్చినోడికి ఆ మాత్రం శాస్తి కావాలి" అన్నారు. నాలుగోనాడు కొయినెట్ అదే తాడు పట్టుకుని వచ్చాడు. తిట్టడానికే వచ్చాడనుకుని ఆవిడ తల దించుకుంది. అతను స్టూలు లాక్కుని కూర్చుని, "ఎంత దూరిస్తే ఊడదో ఇద్దరం చూద్దామమ్మా" అన్నాడు. పాక వెనక యూకలిప్టస్ చెట్టుకు కట్టి జీపుతో లాగి చూశారు. మూరకు జారింది. మూరన్నరకు కొంచెం కదిలింది. మూరన్నర పైన బెత్తెడు దూర్చి, కొసలో పాయలు ఒక్కొక్కటే కత్తిరించి ఎలుకతోకలా సన్నం చేసి, పైన దారంతో కుట్టేసరికి చెట్టు కదిలింది గానీ తాడు కదల్లేదు. ఆ రోజు అతను ఆ స్టూలు మీద కూర్చోకపోతే తన బతుకు ఏమయ్యేదో అని అపొండి ఈనాటికీ అనుకుంటుంది. అతను కనబడితే మాత్రం తిడుతుంది. ప్రేమ చూపించడానికి ఆవిడకు తెలిసిన దారి అదొక్కటే.

ఆనాటినుంచి ప్రతి తాడుకూ ఆఖరి కుట్టూ, ముడీ బండివాడి చేతే వేయిస్తుంది. డ్రైవర్లు విసుక్కుంటూనే సూది పట్టుకుంటారు.

మొన్న ఏప్రిల్ వానల్లో కొయినెట్ తాడు రాతికి ఒరుసుకుని పీచులేచింది. అతనిప్పుడు ఆసుపత్రి జీపు నడుపుతున్నాడు. నర్సు నసియెకునూ, టీకాల పెట్టెనూ వాగు అవతలి పల్లెలకు తీసుకెళ్తాడు. అపొండి పాడైన ముక్క కోసేసి, కొత్త కన్ను వేసి, దారం ఒకవైపునుంచి తీసుకెళ్లి రెండోవైపునుంచి వెనక్కి తెచ్చి, ఆఖరి కుట్టు వదిలేసింది. పొద్దున అతను వచ్చేసరికి జీపులో నర్సు హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు.

"సూది దానికే ఉంది, కుట్టు వేసి కదులు" అంది అపొండి.

"వించికి చుట్టేసి వేస్తానమ్మా" అన్నాడు.

అంతలో ఇంకో డ్రైవరు తాడుకు గ్రీజు పూసి తెచ్చాడు. ఇనుపతాడుకు పూసినట్టు దీనికీ పూస్తే మట్టి అతుక్కోక ఏం చేస్తుంది? వాణ్ణి ఉతికి ఆరేసే పనిలో పడి ఆవిడ ఇటు చూడలేదు. జీపు వెళ్లిపోయింది. పదింటికి బకెట్టు జరిపితే, కింద సూది కనిపించింది.

ఆ ముడి పడకపోతే ముందు కుట్టినదంతా కుట్టనట్టే. తాడు బిగిసి ఉన్నంతసేపు ఫరవాలేదు, వదులై మళ్లీ గుంజుకున్నప్పుడల్లా దారం ఊడుతుంది, దారం వెనక కొస జారుతుంది. వాగు దగ్గర అతను దిగబడని రోజు లేదు. ఫోను చేస్తే పలకలేదు. ఒకసారి నమ్మి దెబ్బతిని, మళ్లీ నమ్మినవాడు. వాడికేమైనా అయితే ఈ చేతులు ఇంక సూది ముట్టుకోగలవా?

రోడ్డు మీద మోటారుసైకిలు కుర్రాణ్ణి ఆపింది.

"ఆ రేగడిలో నా బండి నడవదు మామ్మా. నువ్వే దాన్ని మోసుకెళ్లాలి."

"మోస్తాలే, పోనీ!"

కుర్రాడన్నంతా అయింది. వాగుకు అల్లంత దూరాన బండి కూరుకుపోయింది. అపొండి దిగి నడిచింది. అడుగుకో శేరు మట్టి కాళ్లకు అంటుకుంది. ఒడ్డుకు చేరేసరికి జీపు నడివాగులో ముక్కు దించి ఉంది, తాడు అవతలి ఒడ్డున తుమ్మచెట్టుకు బిగిసి ఉంది, ఊడినా ఎగిరి కొట్టకుండా దానిమీద తడి కోటు కప్పి ఉంది. కొయినెట్ స్టీరింగు ముందు ఉన్నాడు.

"ఆపరా! కుట్టు లేదు, ఆపు!"

ఇంజను హోరులో ఎవరికి వినబడుతుంది? చక్రం ఎక్కింది, జారింది. తాడు వదులైంది, మళ్లీ ఠప్పున బిగిసింది. నాలుగో గుంజుకు జీపు ఒడ్డెక్కింది.

మోకాలి లోతు నీళ్లలో దిగి ఆవిడ అవతలికి వెళ్లింది. కొయినెట్ గాభరాగా ఎదురొచ్చి చెయ్యి అందించాడు.

"సూది అక్కడే పడిపోయిందిరా! నేను చూసుకోకుండా పంపేశాను, తప్పు నాది..."

"ముడి వెయ్యాల్సింది నేను కదమ్మా. ఇక్కడ తాడు విప్పితే దారం వేలాడుతోంది. ప్రాణం పోయిందనుకో. వేసేశాలే."

"దేంతో వేశావు?"

"నా సూదితో!" అని అరిచింది నసియెకు. "గాయాలు కుట్టే సూది, గాయాలు కుట్టే దారం. బతిమాలి లాక్కున్నాడు. ఇవాళ ఎవడైనా తల పగిలి వస్తే నీ తాడుతోనే కట్టుకడతాను, చూసుకో!"

అపొండి వంగి, కొంగుతో బురద తుడిచి చూసింది. తెల్ల తాడు మీద నల్ల దారం. కుట్లు వంకరటింకరగా ఉన్నాయి, కానీ గట్టిగా ఉన్నాయి. లెక్కపెట్టింది. పదకొండు.

"ఒక్కటి చాలు కదరా. పదకొండు ఎందుకు?"

కొయినెట్ తాడు చుట్టడం మొదలుపెట్టాడు. ఆవిడ వైపు చూడలేదు.

"మొదటిసారి ఊడినప్పుడు నువ్వు మూడు రోజులు ముద్ద ముట్టలేదంట. ఆవూర్ పిన్ని చెప్పింది. ఇవాళ ఊడితే నాకేం, దెబ్బ తగిలినా పక్కనే నర్సమ్మ ఉంది. నువ్వే మళ్లీ తిండి మానేస్తావని..."

అపొండి బురద చేతులతోనే అతని రెండు చేతులూ పట్టుకుంది. "నీకు రుణపడి ఉన్నానురా నాయనా" అంది. ఐదేళ్లలో అతనితో ఆవిడ మెత్తగా అన్న మొదటి మాట అది.

"తిట్టమ్మా" అన్నాడు కొయినెట్. "భయమేస్తోంది."

ఆవిడ తిట్టలేదు. మళ్లీ అదే మాట అంది.