బంతులకు సెలవిచ్చిన నవమి

అప్పట్లో నాకు తెలిసిందంతా మా నాయనమ్మ చెప్పిందే. బడికి వెళ్ళకుండా ఆవిడ పక్కనే కూర్చుని చదవడం, రాయడం, లెక్కలు, పండగలు, పబ్బాలు అన్నీ నేర్చుకున్నాను. లోకంలో ప్రతి పనికీ ఒక పద్ధతి ఉందనీ, అది నాకు తెలుసనీ నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకాన్ని సూట్‌కేసులో పెట్టుకుని ఇరవై రెండేళ్ళ వయసులో గ్లాస్గోలో దిగాను. మా ఆయన అక్కడ ఎమ్మెస్సీ చదివేవారు. ఆయన క్లాసులకి వెళ్తే నేను ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చోలేక, ఊరి చివర ఒక చిన్న ఫుట్‌బాల్ క్లబ్బులో పనికి కుదిరాను. ఆడపిల్లల జట్టు జెర్సీలు ఉతకడం, సామాన్ల గది సర్దడం, అందరికీ టీ పెట్టడం నా పని. భగవంతుడి దయవల్ల అందులో ఎక్కడా ఫుట్‌బాల్ తెలియాల్సిన అవసరం రాలేదు.

ఆ జట్టుకి కోచ్ ఒక కొరియా ఆయన. నేను సార్ అనేదాన్ని. చిన్నప్పటి నుంచీ ఆటగాళ్ళ హాస్టల్లో పెరిగి, సొంత దేశంలో పేరు తెచ్చుకుని, తర్వాత ఇక్కడికి వచ్చి ఆడారట. మోకాలికి రెండు ఆపరేషన్లు అయ్యేసరికి ముప్పై దాటకుండానే ఆట ముగిసింది. (ఇదంతా క్లబ్బు గోడమీద ఫొటోల కింద చదివినదే. ఆయన నోటినుంచి రోజుకి పది మాటలు వస్తే గొప్ప.) ఇప్పుడు పిల్లలకి నేర్పుతూ కోచ్ లైసెన్సు కోసం చదువుతున్నారు. ఇక మిగిలింది ఒక్కటే: ఎగ్జామినర్ వచ్చి, ఆయన మైదానంలో ఎలా నేర్పుతున్నారో చూడాలి. పాసైతే ఉద్యోగం, వీసా రెండూ నిలుస్తాయి. తప్పితే తట్టాబుట్టా సర్దుకోవడమే. ఈ సంగతి నాకూ తెలుసు. ఆ పరీక్ష ఎప్పుడన్నదే తెలీదు.

ఆయనకి మంచి జరగాలనే ఆ దసరాకి సామాన్ల గదిలో ఆయుధపూజ తలపెట్టాను. నవమి శనివారం వచ్చింది. ఆ రోజు ఆట లేదు. తాళాలు చూసే ముసలాయన కూతురింటికి వెళ్తూ తాళంచెవి నా చేతికే ఇచ్చి వెళ్ళారు. ఇంతకన్నా దైవసంకల్పం ఏం కావాలి? తెల్లారగానే తలస్నానం చేసి మొదటి బస్సెక్కాను. పద్నాలుగు బంతులు వరసగా పేర్చి ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమ పెట్టాను. విజిల్‌కి బొట్టు, గాలి కొట్టే పంపుకి బొట్టు. సార్ ఆఖరి మ్యాచ్‌లో వేసుకున్న బూట్లు అటకమీద ఉంటే దించి, తుడిచి, నడుమ పెట్టి పూలు చల్లాను. అరటిపండ్లు నైవేద్యం పెట్టి, దణ్ణం పెట్టి, తాళం వేసి ఇంటికి వచ్చేశాను. పూజలో పెట్టిన పనిముట్టు ఆ రోజుకి ముట్టుకోకూడదు కదా!

తొమ్మిదింటికి ఫోను. సార్.

"తాళంచెవి?"

"నా దగ్గరే ఉంది సార్."

"గది తెరవాలి."

"రేపు తెరుద్దాం సార్. ఇవాళ బంతులకి సెలవు."

సార్ చాలా నెమ్మదిగా, "ఎగ్జామినర్ పదింటికి వస్తున్నాడు. నిన్న సాయంత్రమే చెప్పారు," అన్నారు.

చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన అన్నారు: "బంతులకి సెలవిచ్చావు బాగుంది. ఆ పుణ్యమా అని నీ ఉద్యోగానికీ, ఆయన ఉద్యోగానికీ కూడా ఇప్పించావు."

రెండు బస్సులు మారి చేరేసరికి పదీ నలభై. మైదానంలో పిల్లలు పరిగెడుతున్నారు. ఒకమ్మాయి కాలు విసిరింది, ఇంకో అమ్మాయి ఛాతీతో ఆపింది, మూడోది గోల్ వైపు దూసుకెళ్ళింది. బంతి మాత్రం లేదు. సార్ ఉన్నట్టుండి "ఇప్పుడెక్కడుంది?" అని అరిస్తే, పదకొండు వేళ్ళూ గడ్డిలో ఒకే చోటికి చూపించాయి. సన్నగా చినుకులు పడుతుంటే ఎగ్జామినర్ గొడుగు కింద నిలబడి గబగబా రాసుకుంటున్నాడు. నాకు మాత్రం, ఆఖరికి వీళ్ళ చేత గాలితో ఆడించే గతి పట్టించానే అని ఏడుపొచ్చింది.

గది తలుపు తీశాను. సార్ గుమ్మంలో ఆగి, పసుపు బంతుల్నీ, పూల మధ్య తన బూట్లనీ చూశారు. నేను క్షమాపణ వెతుక్కుంటుండగానే కాళ్ళకున్న బూట్లు విప్పి లోపలికి వచ్చి, మోకాళ్ళమీద వంగి, నేలకి నుదురు ఆన్చి దణ్ణం పెట్టారు. వంగడమైతే వంగారు గానీ, ఆ మోకాలితో లేవలేకపోయారు. నేనొక రెక్కా, వెనకాలే వచ్చిన ఎగ్జామినర్ ఒక రెక్కా పట్టుకుని లేపాం.

"మా దేశంలోనూ కొత్త పని మొదలెడితే ఇలాగే నైవేద్యాలు పెడతాం," అన్నారు సార్ నాతో. "అన్నీ ఉన్నాయి. పంది తల ఏది?"

"సార్! పండగ పూట నేను ఉల్లిపాయ కూడా ముట్టను!"

ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను. తర్వాత బంతుల వైపు చూపించి, "ఇప్పుడు తీసుకోవచ్చా?" అని నన్నే అడిగారు. నాయనమ్మ చెప్పిన పాఠాల్లో కోచ్ లైసెన్సు ప్రస్తావన ఎక్కడా లేదు. అమ్మవారికి మనసులోనే లెంపలేసుకుని, "తీసుకోండి సార్," అన్నాను.

ఆ చినుకుల్లో తలతో బంతి కొట్టిన ప్రతి పిల్ల నుదుటా కుంకుమ అంటింది. పావుగంటలో జట్టు జట్టంతా పేరంటానికి బయల్దేరిన ముత్తయిదువల్లా తయారైంది. తెల్ల జెర్సీల సంగతి చెప్పను, అవి ఉతికిన చేతులకే తెలుసు. వెళ్ళబోతూ ఎగ్జామినర్ గది తెరవడం ఎందుకు ఆలస్యమైందని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే సార్, "తాళంచెవి సంగతి నేను చూసుకోవాల్సింది. తప్పు నాది," అనేశారు.

మూడు వారాలకి ఉత్తరం వచ్చింది. పాస్. బంతి లేకుండా నేర్పిన పాఠం చాలా బాగుందనీ, బంతితో నేర్పింది ఫరవాలేదనీ, సామగ్రి విషయంలో ఇంకాస్త శ్రద్ధ కావాలనీ రాశారట. ఆ ఆఖరి వాక్యాన్ని సార్ నాకు రెండుసార్లు చదివి వినిపించారు, మొహంలో ఏ మార్పూ లేకుండా. తర్వాత ఆయన పెద్ద క్లబ్బుకీ, అక్కణ్ణుంచి సొంత దేశానికీ కోచ్‌గా వెళ్ళారు. నామీద పడాల్సిన తప్పు తన నెత్తిన వేసుకున్నందుకు, ఇప్పటికీ దీపం పెట్టినప్పుడు ఆయన మోకాలు బాగుండాలని ఒక మాట అనుకుంటాను.

నేనిప్పుడు లండన్ పక్కన ఇల్ఫర్డ్‌లో ఉంటున్నాను. నవమి నాడు కారుకి పసుపు, కుంకుమ పెట్టి, హారతిచ్చి, గంట తిరక్కుండా అదే కారులో మా పాపని స్విమ్మింగ్‌కి తీసుకెళ్తాను. "మమ్మీ, ఈజ్ దట్ అలౌడ్?" అంటుందది వెనకసీట్లోంచి. అలౌడే అంటాను. సూట్‌కేసుతో గ్లాస్గోలో దిగిన ఆ అమ్మాయైతే ఒప్పుకునేది కాదు. వానలో పిల్లని చంకనేసుకుని, నడిచి వెళ్ళేది.