మొరం కింద వాల్వు మూత

రోడ్డు తవ్వే ముందు భూమిలో పైపులూ వాల్వుల మూతలూ ఎక్కడున్నాయో కనిపెట్టి గుర్తు పెట్టడం నా ఉద్యోగం. కర్రకు పళ్లెం బిగించినట్టుండే మెటల్ డిటెక్టర్ ఒకటి, జేబులో చిన్న పుస్తకం ఒకటి ఎప్పుడూ నా వెంట ఉంటాయి. ఏ నేలకు ఎంత సెన్సిటివిటీ పెట్టాలో పుస్తకంలో రాసుకుంటాను. కోకాపేటలో కొత్తగా పరిచిన రాతిపొడి మీద ఎనిమిది. మూసాపేటలో షెడ్ల పక్కన, ఇనుప రజను కలిసిన నేల మీద మూడు. నల్లమట్టి ఆరి ఉంటే ఏడు, తడిస్తే అయిదు. మియాపూర్ పేజీలో మాత్రం ఎనిమిది కొట్టేసి పక్కన నాలుగు అని రాసి ఉంటుంది.

దసరా వెళ్లి నెల కాలేదు. మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ నన్ను పిలిచాడు. బయటి నుంచి సంపులోకి నీళ్లు తెచ్చే పైపు సెల్లారు గోడలో పగిలింది. నీళ్లు వదిలిన ప్రతిసారీ మొదట మునిగేది వాచ్‌మన్ కుటుంబం ఉండే గది. బాగుచేయాలంటే గేటు లోపలున్న వాల్వు కట్టేయాలి. దాని మూత కనిపించడం లేదు. సాయంత్రం నాలుగింటికి మళ్లీ నీళ్లు వదులుతారు. నేను వెళ్లేసరికి పదకొండు.

మూత ఏమైందో సెక్రటరీ గేటు దగ్గరే చెప్పాడు. బతుకమ్మ ఆటకు బాగుంటుందని వాచ్‌మన్ పక్క సైటులో మిగిలిన ఎర్ర మొరం అడిగి తెచ్చి, గేటు పక్క ఖాళీ స్థలమంతా పరిచాడు. మూత దాని కింద పడిపోయింది.

"పైపుదేముందండి, బాగవుతుంది. అడక్కుండా మట్టి పోసిన మనిషిని మాత్రం ఉంచుకోలేం. నెలాఖరుకి గది ఖాళీ చేయమని చెప్పేశాను."

వాచ్‌మన్ పార పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. సెక్రటరీని చూడకుండా నాతో అన్నాడు: "ఆడోళ్ల కాళ్లకు రాళ్లు గుచ్చుకుంటున్నయంటే పోసిన సార్. మూత యాదికే రాలె."

"యాదికెట్లొస్తది?" అంది పిట్టగోడ మీద తడి బొంతలు ఆరేస్తున్న అతని భార్య. "ఎవరన్న పని జెప్తె సాలు, అన్నం ముంగటికెల్లి లేసి ఉరుకుతడు."

బిల్డర్ ఇచ్చిన ప్లాను తెప్పించుకుని చూశాను. అందులో వాల్వు చూపించిన చోట ఇప్పుడు జనరేటర్ ఉంది. ఇక డిటెక్టరే దిక్కు.

అక్కడ తప్పు నేను చేశాను. వెతికే ముందు పళ్లేన్ని నేల మీద పైకీ కిందికీ ఆడిస్తూ, చప్పుడు నిలకడయ్యే దాకా సరిచేయాలి. ఏ నేల మీద వెతుకుతామో ఆ నేల మీదే చేయాలి. నీడగా ఉందని నేను పూలమొక్కల పక్కన చేశాను. అది లారీలో తెప్పించిన తోటమట్టి. సెన్సిటివిటీ ఎనిమిది పెట్టి మొరం మీదికి వెళ్లాను. మొరంలోనే ఇనుము ఉంటుంది. దాని కింద కట్టడం నాటి చెత్త. అడుగు వేస్తే చాలు, కూత.

మోగిన చోటల్లా వాచ్‌మన్ తవ్వాడు. మొదటి గుంతలో సెంట్రింగ్ మేకులు. రెండో దాంట్లో బైండింగ్ వైరు. మూడో గుంతలో ఏమీ లేదు, ఉత్త మొరం. నాలుగో దాంట్లో జానెడు సలాక ముక్క. తర్వాత రెండింట్లో మళ్లీ మేకులు. ప్రతిసారీ అతను మోకాళ్ల మీద కూర్చుని చేత్తో మట్టి తీసి చూసేవాడు. కాదని తేలగానే పూడ్చి, కాలితో తొక్కి చదును చేసేవాడు, ఆ గుంత తప్పు కూడా తన మీదికి వస్తుందేమోనన్నట్టు. ఆరోది పూడ్చేసరికి ఒంటిగంటన్నర అయింది.

"ఏంది తమ్మీ, నీ మిషిను కోడిపిల్ల లెక్క ఒక్కతీర్గ మొత్తుకుంటుంది? దానికి మూత గావాల్నా, మేకులు గావాల్నా?" అంది అతని భార్య.

నాకు సిగ్గేసింది. అది నేను పొద్దున్నే వేసుకోవాల్సిన ప్రశ్న. ఈసారి మొరం మీదే పళ్లెం ఆడించి చప్పుడు సరిచేశాను. సెన్సిటివిటీ నాలుగుకు దించాను. స్థలానికి అడ్డంగా తాళ్లు కట్టి వరుసలు చేసుకున్నాను. పళ్లేన్ని నేలకు బెత్తెడు ఎత్తులో పట్టుకున్నాను.

"చెవులు తగ్గిచ్చినంక ఇగ ఏం వినవడ్తది?" అని అడిగింది ఆమె.

"చిన్నయి వినవడవక్కా. మూత పెద్దది, ఏడికి పోదు."

మూడు వరుసలు నడిచాను. ఒక్క చప్పుడు లేదు. అప్పటిదాకా కూతలకు విసిగిన వాచ్‌మన్ ఇప్పుడు నిశ్శబ్దానికి భయపడ్డాడు. "బందయిందా సార్?" అన్నాడు. అతని పార మీద పళ్లెం పెట్టి చూపించాను. గట్టిగా మోగింది. పార దూరంగా పెట్టి వచ్చి నా వెనకే నడిచాడు.

నాలుగో వరుస చివర డిటెక్టర్ మోగింది. మేకుకు మోగినట్టు టక్కున కాదు, రెండడుగుల పొడవునా ఆగకుండా. అంచులకు సున్నం చల్లాను. జానెడు లోతులో పార ఇనుముకు తగిలింది. వాచ్‌మన్ మిగతా మట్టిని చేతులతోనే తీశాడు. మూత లేపి, వాల్వు తిప్పి కట్టేసరికి మూడుకు పది నిమిషాలు తక్కువ. "దొరికె," అని గుంత అంచునే కూర్చుండిపోయాడు.

పని అయ్యాక నేనొక కాగితం నింపాలి. 'మూత కనిపించకపోవడానికి కారణం' అని అందులో ఒక గడి ఉంటుంది.

"వాచ్‌మన్ నిర్లక్ష్యం అని రాసేయండి. కమిటీకి చూపించాలి," అన్నాడు సెక్రటరీ.

మొరం పోసింది అతనే, అది నిజం. అదొక్కటే రాసి ఆపితే మాత్రం నిజం కాదు.

"మూడు కారణాలున్నాయి సార్, రాస్తే మూడూ రాయాలి. ప్లానులో వాల్వు తప్పు చోట ఉంది. మూత ఎక్కడుందో గోడ మీద గుర్తు లేదు. పైన మొరం పోశారు."

"ప్లాను బిల్డర్‌దండి. మాకేం సంబంధం?"

"సరిచూసుకున్నామని కింద అసోసియేషన్ సంతకం ఉంది."

ఆయన ప్లాను తీసుకుని చూశాడు. సంతకం ఆయనదే.

"నాలుగోది గూడ రాయి తమ్మీ," అంది వాచ్‌మన్ భార్య. "మొరం పోసినంక దాని మీద ఆడింది అందరు. సార్ ఇంటామె బతుకమ్మనే అన్నిట్లకన్న ఎత్తుగుండె."

"నువ్వు జర ఊకో," అన్నాడు వాచ్‌మన్ కంగారుగా.

సెక్రటరీ నవ్వు ఆపుకోబోయాడు, ఆగలేదు. "ఈ మాట ఆవిడ చెవిన వేయకమ్మా, వచ్చే ఏడు ఇంకో మూరెడు పేరుస్తుంది." వాచ్‌మన్ వైపు తిరిగాడు. "గది ఖాళీ చేయక్కర్లేదులే. ఇంకెప్పుడైనా నేల మీద పార వేసే ముందు నాకో ఫోన్ కొట్టు."

నేను మూడు కారణాలూ రాసి, కాగితం ఇచ్చాను. ఆయన చదివి సంతకం పెట్టాడు.

"గది తడారేదాక యాడ పండాలె సార్? అది గూడ జెప్పుండ్రి," అంది ఆమె.

సెక్రటరీ తన గుత్తిలోంచి అసోసియేషన్ రూము తాళంచెవి విడదీశాడు. వాచ్‌మన్ మట్టి చేతులు ప్యాంటుకు తుడుచుకునేలోపే ఆమె అందుకుంది.